దీపాల సైకిల్ రైడ్: వెళ్ళేటప్పుడు వెలుగే, ఒంటరిగా తిరిగొచ్చేటప్పుడు?

డిసెంబర్ వచ్చిందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచి వాట్సాప్‌లో ఒక రకం వీడియోలు వస్తాయి. చీకటి రోడ్డు మీద వందల సైకిళ్ళు. హ్యాండిల్‌కి, ఫ్రేమ్‌కి, చక్రాల పుల్లలకి అన్నిటికీ రంగురంగుల లైట్లు. వెనక బండి కట్టుకుని దాని మీద స్పీకర్ పెట్టినవాడు ఒకడు, పిల్లని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తొక్కే తల్లి ఒకావిడ. పెళ్ళింటికి కట్టిన సీరియల్ సెట్ లేచి రోడ్డు మీదకి వచ్చి నడుస్తున్నట్టు ఉంటుంది. ఇదేంటి, ఎవరు చేస్తారు, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళు చాలామందే. వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే ఇందులో మన ఊళ్ళో సైకిల్ తొక్కేవాళ్ళకి పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది.

ఇలాంటి రైడ్‌లు చాలా నగరాల్లో జరుగుతాయి. మనకి దగ్గరగా అనిపించేది కాలిఫోర్నియాలోని శాన్ హోసేది. సన్నీవేల్, శాంటా క్లారా, ఫ్రీమాంట్ అన్నీ ఆ చుట్టుపక్కలే. హైదరాబాద్ నుంచీ, గుంటూరు, విజయవాడ వైపు నుంచీ వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ బోలెడు. అక్కడ 'శాన్ హోసే బైక్ పార్టీ' అని 2007లో మొదలైన రైడ్ ఉంది. నెలనెలా మూడో శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి బయల్దేరుతుంది. టికెట్ లేదు, సభ్యత్వం లేదు. సైకిల్ ఉంటే చాలు. నెలకో థీమ్ పెడతారు, దానికి తగ్గట్టు వేషాలు వేసుకునేవాళ్ళు వేసుకుంటారు. డిసెంబర్‌లో మాత్రం థీమ్ ఏదైనా సైకిళ్ళ మీద దీపాలు తప్పవు. రూట్ ఎక్కడనేది రైడ్ దగ్గర పడ్డాకే చెప్తారు. మధ్యలో ఒకటి రెండు చోట్ల అందరూ ఆగుతారు. వెనకపడ్డవాళ్ళు వచ్చి కలుస్తారు, తినేవాళ్ళు తింటారు, మళ్ళీ కదులుతారు. వందల మంది రావడం మామూలే, వాతావరణం బాగుంటే వేలల్లో వచ్చిన రాత్రులూ ఉన్నాయి.

ఈ రైడ్‌కి ఒక పూర్వకథ ఉంది. 1992 సెప్టెంబర్‌లో పక్కనే ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోలో 'క్రిటికల్ మాస్' మొదలైంది. ప్రతి నెలా చివరి శుక్రవారం సైకిళ్ళవాళ్ళంతా గుంపుగా రోడ్డెక్కడం, "రోడ్డు మాది కూడా" అని చూపించడం దాని ఉద్దేశం. తర్వాత అది ప్రపంచంలో వందల నగరాలకి పాకింది. గుంపు విడిపోకూడదని సిగ్నల్ దగ్గర కొందరు అడ్డంగా నిలబడి కార్లని ఆపేసేవాళ్ళు. దాంతో కార్లవాళ్ళకీ వీళ్ళకీ గొడవలు, పోలీసులు రావడం. బైక్ పార్టీ సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. రెడ్ లైట్ పడితే ఆగాల్సిందే, గుంపు రెండు ముక్కలైనా సరే. కుడివైపు లేన్‌లోనే ఉండాలి. ఎవడైనా కారులోంచి తిడితే జవాబివ్వకుండా ముందుకెళ్ళిపోవాలి. చెత్త ఎవరిది వాళ్ళే తీసుకెళ్ళాలి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే లైట్లు, స్పేర్ ట్యూబు ఉన్నాయా అని చూసుకోవాలి. ఇవన్నీ గుర్తుచేయడానికి వాలంటీర్లు ఉంటారు. నా లెక్కలో ఈ ఏర్పాటే మేలు. అడ్డంగా నిలబడి సంపాదించిన రోడ్డు ఆ ఒక్క రాత్రికే. పక్కగా, పద్ధతిగా వెళ్ళినవాళ్ళని చూసి కారులో ఉన్నవాళ్ళ పిల్లలు చెయ్యి ఊపుతారు.

డిసెంబర్ ఎందుకంటే...

శాన్ హోసేలో డిసెంబర్ మూడో వారంలో సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాద్‌లో అదే రోజుల్లో ఐదుంముప్పావు దాకా వెలుగుంటుంది. అక్కడ ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికే రాత్రి. చలికాలం వానలు కూడా అప్పుడే. మామూలుగా అయితే సైకిల్ గ్యారేజీలో పడి ఉండాల్సిన నెల అది. ఆ చీకటినే సంబరంగా మార్చుకున్నారు.

ఇళ్ళు కూడా అప్పుడే వెలుగుతాయి. శాన్ హోసేలో విల్లో గ్లెన్ అనే పేట ఉంది. అక్కడ ఇంటి ముందు పచ్చికలో చిన్న చెట్టు నాటి దీపాలు చుట్టడం పాత అలవాటు, వీధి వీధంతా వరసగా వెలుగుతుంది. కారులో వెళ్తే అద్దంలోంచి చూడటమే. నడిస్తే రెండు వీధులకే పిల్లలు "ఎత్తుకో" అంటారు. సైకిల్ మీదైతే చలిగాలి తగులుతూ, ఆగాలనిపించిన చోట ఆగుతూ పేట మొత్తం చూడొచ్చు. అందుకే బైక్ పార్టీ లాంటి పెద్ద రైడ్ కాకుండా, నాలుగైదు కుటుంబాలు కలిసి సైకిళ్ళకి లైట్లు కట్టుకుని దగ్గరి వీధుల్లో తిరిగొచ్చే చిన్న రైడ్‌లు కూడా అమెరికాలో చాలా చోట్ల ఉన్నాయి.

పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అంటే నేను ఈ రెండో రకాన్నే చెప్తాను. పెద్ద రైడ్ ఎనిమిదింటికి మొదలై గంటల తరబడి సాగుతుంది. పేరులోనే పార్టీ ఉంది, పాటలు గట్టిగా ఉంటాయి, రాత్రి ముదిరేకొద్దీ ఎవరు ఎలా ఉంటారో చెప్పలేం. పెద్దపిల్లలతో మొదటి మజిలీ దాకా వెళ్ళి వెనక్కి రావడం ఒక పద్ధతి. చిన్నపిల్లలుంటే మన నలుగురం కలిసి వెళ్ళడమే నయం. ఆ రోజుల్లో అక్కడ మగ్రిబ్ ఐదు లోపే, ఇషా కూడా ఆరున్నర లోపే. నమాజ్ చదువుకుని బయల్దేరినా పిల్లలు నిద్రవేళకి ఇంట్లో ఉంటారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి కాలిఫోర్నియాలో హెల్మెట్ తప్పనిసరి అని చట్టమే ఉంది, "మన వీధిలోనే కదా" అంటే కుదరదు.

లైట్ల సంగతి

ముందు ఒక మాట. మన ఇళ్ళల్లో పెళ్ళికి వేలాడదీసే సీరియల్ సెట్ ఇందుకు పనికిరాదు. అది 230 వోల్టుల గోడ కరెంటుతో నడిచేది. దాన్ని ఎలాగోలా బ్యాటరీతో వెలిగిద్దామని ఇంట్లో ప్రయోగాలు చేసే భాయ్‌లు ఉంటారు, దయచేసి వద్దు. సైకిల్‌కి కట్టేవి 5 వోల్టుల యూఎస్‌బీ లైట్లో, పెన్సిల్ సెల్లులతో వెలిగే సన్నటి రాగి తీగ లైట్లో అయ్యుండాలి. తడి చేత్తో ముట్టుకున్నా షాక్ భయం లేనివి.

ఈ వేడుక ఇంత తేలిక అయ్యింది ఎల్‌ఈడీ వల్లే. మా అబ్బా కాలంలో సైకిల్ లైటంటే డైనమో. సీసా ఆకారంలో ఉండే ఆ డైనమో తల టైరుకి రాసుకుంటూ తిరిగేది. 6 వోల్టులు, 3 వాట్లు, అంతే. ఆ కాస్త వెలుగుకే తొక్కుడు బరువయ్యేది, ఆగితే లైటూ ఆగేది. రాత్రి లైటు లేకుండా దొరికితే పోలీసాయన టైర్లో గాలి తీసేసేవాడని, ఇంటిదాకా తోసుకుంటూ రావడమే శిక్షని అబ్బా ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ముందు నుంచీ ఉన్నా, బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ 1990ల్లో గానీ రాలేదు. నీలం వచ్చాకే తెల్ల ఎల్‌ఈడీ సాధ్యమైంది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు ఆ 3 వాట్లలోపు కరెంటుతోనే సైకిల్ మొత్తం వెలిగించొచ్చు.

బ్యాటరీ లెక్క వేసుకోవాలి. కామర్స్ చదివిన నాకు ఇది జమా ఖర్చు లాంటిదే అనిపిస్తుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే లోపల సుమారు 37 వాట్-అవర్ల కరెంటు. 5 వోల్టులకి మార్చేటప్పుడు కొంత పోతుంది, 30 చేతికొస్తుందనుకుందాం. మీ లైట్లన్నీ కలిపి 5 వాట్లు తింటే ఆరు గంటలు. బాగానే ఉంది. కానీ రంగులు మారే పట్టీ లైట్లుంటాయి చూడండి, మీటరుకి 60 దీపాలు ఉండేవి, వాటిని తెల్లగా ఫుల్లుగా వెలిగిస్తే ఒక్కో దీపం 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. మీటరుకి 3.6 ఆంపియర్లు, అంటే 18 వాట్లు. రెండు మీటర్లు చుట్టారంటే గంటలోపే బ్యాంక్ ఖాళీ. వెలుగు తగ్గించి పెట్టుకోవడమే దారి. ఇంకో చిక్కు దీనికి తిరకాసు. మరీ తక్కువ కరెంటు తీసే చిన్న తీగ లైటు ఒక్కటే పెడితే కొన్ని పవర్ బ్యాంకులు "ఫోన్ ఫుల్ అయిపోయింది" అనుకుని వాటంతటవే ఆగిపోతాయి. రైడ్‌కి ముందు రోజు ఇంట్లో రెండు గంటలు వెలిగించి చూస్తే అన్నీ తెలిసిపోతాయి.

కట్టేటప్పుడు తీగ చెయిన్‌కి, గేర్లకి, బ్రేక్ వైర్లకి దూరంగా ఉండాలి. హ్యాండిల్ దగ్గర కాస్త వదులు ఉంచాలి, లేకపోతే తిప్పినప్పుడు తెగుతుంది. చక్రానికి కట్టే లైట్ల బ్యాటరీ డబ్బా ఇరుసుకి దగ్గరగా ఉండాలి. రిమ్ దగ్గర కడితే చక్రం ఒకవైపు బరువై ఊగుతుంది. ప్లాస్టిక్ టై కొసలు కత్తిరించకపోతే మోకాలికి గీసుకుంటాయి, చిన్న సంగతే కానీ పది నిమిషాల్లో చిరాకు తెప్పిస్తుంది.

అలంకారం వేరు, కనపడటం వేరు

అసలు విషయం ఇది. మూడు వందల దీపాల సైకిళ్ళు గుంపుగా వెళ్తుంటే వాటిని చూడని డ్రైవర్ ఉండడు. రైడ్ నడిచినంతసేపూ ఆ గుంపే రక్షణ. ప్రమాదం ఉన్నది రాత్రి పదకొండింటికి, రైడ్ విడిపోయాక. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. పాటల బండి ఇంకోవైపు తిరుగుతుంది. మూడు గంటలు వెలిగిన అలంకారం బ్యాటరీ అప్పుడే అయిపోతుంది. ఒంటరిగా, నల్ల జాకెట్‌లో, అలసిపోయిన కాళ్ళతో ఆరు కిలోమీటర్లు ఇంటికి. అక్కడ అలంకారం పనిచేయదు, అసలు లైటే కావాలి.

కాలిఫోర్నియా చట్టం ఈ రెండిటినీ కలపదు. చీకట్లో సైకిల్ నడిపితే ముందు తెల్ల లైటు ఉండాలి, అది 300 అడుగుల దూరానికి కనపడాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ 500 అడుగుల నుంచి కనపడాలి. పెడల్‌కో, బూటుకో, చీలమండకో తెలుపు లేదా పసుపు రిఫ్లెక్టర్ 200 అడుగుల నుంచి కనపడాలి. పక్కలకీ రిఫ్లెక్టర్లు ఉండాలి. మీరు ఎన్ని వందల చిన్న దీపాలు చుట్టినా ఇవి లేకపోతే లేనట్టే లెక్క. ముందు తెలుపు, వెనక ఎరుపు అన్నది ఊరికే పెట్టిన నియమం కాదు. చీకట్లో డ్రైవర్‌కి మీరు ఎదురొస్తున్నారా, అటే వెళ్తున్నారా అన్నది ఆ రంగే చెప్తుంది. అందం కోసం హ్యాండిల్‌కి ఎర్రవి, వెనక క్యారియర్‌కి తెల్లవి కడితే ఆ భాష తారుమారవుతుంది. మిగతా రంగులు ఫ్రేమ్ మధ్యలో, చక్రాల్లో పెట్టుకుంటే గొడవ లేదు. పైగా పక్క నుంచి వచ్చే కారుకి వెలిగే చక్రం బాగా సాయం చేస్తుంది, ఎందుకంటే మామూలు లైట్లు ముందుకీ వెనక్కీ తప్ప పక్కకి చూపించవు.

చట్టంలో చీలమండ మాట ఎందుకొచ్చిందో తెలిపే పరిశోధన ఒకటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పరిశోధకులు మూసి ఉంచిన రోడ్డు మీద రాత్రిపూట డ్రైవర్లతో పరీక్ష చేసి 2012లో ఫలితాలు ప్రచురించారు. సైకిల్ మీదున్న మనిషి నల్ల బట్టల్లో ఉంటే వందలో 2 సార్లే డ్రైవర్లు గుర్తుపట్టారు. పగలు కొట్టొచ్చినట్టు కనపడే ఫ్లోరోసెంట్ జాకెట్ వేసుకుంటే 15. మెరిసే రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకుంటే 50. అదే జాకెట్‌కి తోడు మోకాళ్ళకి, చీలమండలకి మెరిసే పట్టీలు కట్టుకుంటే 90.

ఈ అంకెల్లో రెండు చోట్ల ఆగాలి. ఆకుపచ్చ పసుపు ఫ్లోరోసెంట్ జాకెట్ రాత్రి అంత పేలవంగా ఉండటానికి కారణం, అది ఎండలోని అతినీల కిరణాలని పట్టి మెరుస్తుంది, హెడ్‌లైట్‌లో అవి అంతగా ఉండవు. ఇక చీలమండల పట్టీలు. డ్రైవర్ కంటికి ఒక మెరుపు కనపడితే అది రోడ్డు పక్క బోర్డా, గేటా, ఏంటో అర్థం కాదు. రెండు మెరుపులు పైకీ కిందకీ ఆడుతుంటే "మనిషి తొక్కుతున్నాడు" అని మెదడు వెంటనే పోల్చుకుంటుంది. ఆ వెంటనే అన్నదే ముఖ్యం. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 16, 17 మీటర్లు పోతుంది. డ్రైవర్ చూసి బ్రేక్ తొక్కడానికి సెకనున్నర పట్టిందంటే 25 మీటర్లు బ్రేక్ పడకముందే అయిపోయాయి. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో ఇరవై మీటర్లు.

మన రోడ్ల మీద

ఇక్కడ మన దగ్గర దీపాల రైడ్ లేదని చిన్నబోవాల్సిన పనిలేదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ ఉంది, పైన సోలార్ పలకల కప్పుతో. 2023 అక్టోబర్ 1న 23 కిలోమీటర్ల పొడవుతో ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. కార్లు రాని దారి, రాత్రి లైట్లుంటాయి. ఐదారు కుటుంబాలు కలిసి పిల్లల సైకిళ్ళకి దీపాలు కట్టుకుని తిరగాలనుకుంటే ఇంతకన్నా నింపాదైన చోటు నగరంలో నాకు తోచలేదు.

కానీ మన ఊళ్ళల్లో చీకట్లో సైకిల్ తొక్కేది ఎక్కువగా సరదా కోసం కాదు. తెల్లవారకముందు పేపర్ వేసే కుర్రాడు, పాలు తెచ్చే ఆయన, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్, రోడ్లు ఊడ్చడానికి వెళ్ళే మున్సిపాలిటీ ఆమె, ఫజ్ర్‌కి మసీదుకి సైకిల్ మీదే వెళ్ళే పెద్దాయన. శాన్ హోసే రైడర్‌కి రాత్రి పదకొండు తర్వాత వచ్చే ఒంటరి దారి వీళ్ళకి రోజూ ఉంటుంది. డిసెంబర్, జనవరిల్లో దానికి పొగమంచు తోడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిల్ మీద వెళ్తున్నవాళ్ళు నాలుగు వేలకు పైనే.

సైకిళ్ళకి నాణ్యమైన రిఫ్లెక్టర్లు ఉండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అది కొత్త సైకిళ్ళకి. వీళ్ళ సైకిళ్ళు పదేళ్ళనాటివి, పదిహేనేళ్ళనాటివి. వెనక మడ్‌గార్డ్ మీద ఎర్ర బిళ్ళ ఉన్నా దుమ్ము పట్టి మాసిపోయి ఉంటుంది. ముందది తడిగుడ్డతో తుడిస్తే పైసా ఖర్చు లేకుండా సగం పని అవుతుంది. సగం మాత్రమే. రిఫ్లెక్టర్ తనంతట తాను వెలగదు, దాని మీద హెడ్‌లైట్ పడాలి. పక్క గల్లీలోంచి వచ్చే బండి లైటు దాని మీద పడేలోపే బండి మీదికి వచ్చేస్తుంది.

మీ ఇంటికి పాలో పేపరో తెచ్చే మనిషికి ఏదైనా ఇవ్వాలనుకుంటే వరస ఇలా చూసుకోండి. ముందు వెనక ఎర్ర లైటు, ఎందుకంటే వెనక నుంచి వచ్చేది ఆయనకి కనపడదు. తర్వాత రెండు చీలమండలకి మెరిసే పట్టీలు, ఇవి ప్యాంటు చెయిన్‌లో పడకుండా కూడా ఆపుతాయి. ఆ తర్వాత ముందు తెల్ల లైటు, దాన్ని ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాకుండా కాస్త కిందకి వంచి బిగించాలి. మూడూ కలిపి కొన్ని వందల్లో అయిపోతుంది, సైకిల్ షాపులో కొంటే అతనే బిగించి ఇస్తాడు. యూఎస్‌బీ ఛార్జింగ్‌దా, సెల్లులదా అన్నది మాత్రం ఆయన్నే అడగండి. ఇంట్లో ఉన్న ఒక్క ఛార్జర్ పిల్లల ఫోన్‌కే సరిపోని చోట యూఎస్‌బీ లైటు రెండో వారానికి మూలన పడుతుంది. సెల్లులు వేసేదైతే కిరాణా కొట్లో దొరుకుతాయి, మీరు లైటుతో పాటు రెండు జతలు ఎక్కువ ఇస్తే చలికాలం గడిచిపోతుంది.